మధ్యలో పడిన కాక్

గూడూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
ఆరు ట్యూబులైట్లు, వెలిగేవి నాలుగు.
వెనకవైపు ఎడమ మూల ఎప్పుడూ కొంచెం చీకటి.
అది నా మూల. పద్నాలుగేళ్లు అక్కడే నిలబడినాను.

పేపర్లో మా ఇద్దరికీ ఒకటే పేరు:
ఖైరున్–పెంచలమ్మ జంట.
విడిగా నా పేరు ఒక్కసారే పడింది,
టికెట్ కలెక్టరు వుద్యోగం వచ్చినప్పుడు.
అదీ పెంచలయ్య అని.

మొదట ఆడింది రైస్ మిల్లు వెనక
ముగ్గుపిండి గీతల మీద.
నెట్టు అంటే దుగరాజపట్నం నుంచి
ఖైరున్ వాళ్లబ్బా తెచ్చిన పాత వల,
యెండెక్కేకొద్దీ రొయ్యి వాసన లేచేది.
కాక్ కొనడానికి యాడుండాయి డబ్బులు?
కోతలైన మళ్లల్లో బాతుల మంద వెంట తిరిగి
ఈకలేరి సీసా బిరడాకి గుచ్చినాం.
అది ఎగరలేదు, తూలింది.

మాలకొండయ్య సారు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి,
"పదహారీకలూ ఒకే వైపు రెక్కవి కావాల,
కుడివీ ఎడమవీ కలిపితే తిరగదు" అన్నాడు.
మేం మొహాలు చూసుకున్నాం.
ఆమెది కుడిచెయ్యి, నాది ఎడమచెయ్యి.
"నేన్చెప్పింది కాక్ సంగతి, పక్షి సంగతి కాదు,
పోండి, పోయి ఆడండి!"

ఆమె నెట్టు దగ్గర, నేను వెనక.
ఆటలో ఆమె మొహం ఎట్టా వుంటుందో
ఎదురుగా ఆడినోళ్లని అడగాల.
నాకు తెలిసింది జడ, మెడ మీద చెమట.
ఆ చెమట చూసి స్కోరు చెప్పగలను.

అప్పటి రూల్లో సర్వీసు ఇద్దరికీ వచ్చేది.
ఒకరు పోగొట్టినా
రెండో చేతిలో ఇంకాస్త ప్రాణం మిగిలుండేది.
తర్వాత ఆ రూలు తీసేశారు.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దేశం దాటినాం.
ఎదురుగా చైనా జంట,
పొట్టామె మోకాలికి నీలం పట్టీ.
పదిహేను–మూడు, పదిహేను–రెండు.
సారు చేతిలో టీ ఇంకా చల్లారలా.
వాళ్లు "నాది" అని అరవనే లేదు.
ఒకామె కదిలితే ఖాళీ అయిన చోటికి
రెండో ఆమె కాలవనీళ్లలా జారిపొయ్యేది.
ఆమె కూడా ఇప్పుడు ఏ హాల్లోనో
పిల్లలకి గ్రిప్పు చుట్టడం చూపిస్తుంటది,
ముసురు పడితే మోకాలు పట్టుకుంటుంటది.
ఆమె పేరు పలకడం నాకు రాదు,
ఆ నొప్పి మటుకు తెలుసు.

బెజవాడ ఫైనల్లో, మూడో గేములో, ఆఖరి కాక్
తొందరేమీ లేకుండా వచ్చింది.
నెట్టుకీ దూరం, వెనకగీతకీ దూరం.
నేను "నీది" అన్నా. ఆమె "నీది" అంది.
పడిన చప్పుడు కూడా కాలా.
సెలక్షన్ దాంతోనే పోయింది.

ఆ యేడే ఆమె భుజం దిగిపోయింది.
నాకు వేరే జోడీ ఇచ్చారు, మంచి పిల్లే.
కానీ ఆ పిల్ల ఎడమకి జరిగితే నేనూ ఎడమకే.
రెండు రాకెట్లు ఠంగుమన్నాయి.
మానేశాను.

ఇరవై రెండేళ్లు ఆ కాక్ మీదే మా తగువు.
రంజాన్ సేమ్యా గిన్నె మధ్యలో పెట్టుకోని,
ప్లాట్‌ఫారం మీద, ఆసుపత్రి వరసలో:
నీదే మే, కాదు నీదే.

మొన్న నిదానంగా ఆలోచించుకున్నా.
అది నాదే. ఒక్క అడుగు ముందుకేసుంటే చాలు.
చెబుదామని పోయినాను.
ఆవకాయకి మామిడి ముక్కలు తుడుస్తా వుంది,
భుజం పైకి లేవదు, మోచెయ్యి మోకాలికి ఆనించి.
నేను చెప్పులిడుస్తా నోరు తెరిచినానో లేదో,
తల కూడా ఎత్తకుండా
"అది నాదేలే పెంచలా" అనేసింది.

ఏం చేసేది?
నా దాకా రానిస్తే కదా,
ఎప్పటిలాగే నెట్టు దగ్గరే కొట్టేసింది.